ఒక్క రింగు కాల్స్ లెక్కలోకి రావన్నాను

కాల్ సెంటర్లలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, క్లౌడ్ మంచిదా, ఆఫీసులోనే పెట్టుకునే పెట్టె మంచిదా అని. పెట్టె అంటే ఈపీఏబీఎక్స్. బయటి నుంచి వచ్చే ఫోన్ లైన్లన్నీ దాని కడుపులోకి చేరి, అక్కడి నుంచి ఒక్కో టేబుల్ మీది ఫోనుకు పోతాయి. క్లౌడ్ అయితే ఆ యంత్రం మన దగ్గర ఉండదు. ఎక్కడో కంపెనీ వాళ్ల దగ్గరుంటుంది. మనకు ఇంటర్నెట్టు, కంప్యూటరు, చెవులకు హెడ్‌సెట్టు ఉంటే చాలు. నేను ముప్పై ఏళ్లకు పైగా పెట్టెలు చూసుకున్న మనిషిని కాబట్టి పెట్టే మంచిదంటానని వాళ్లు ముందే నవ్వుతారు. జవాబు చెప్పను, ఈ సంగతి చెప్తాను. సగంలో టీకి లేచిపోయిన వాళ్లూ ఉన్నారు. మీరూ లేవచ్చు, నేనేమీ అనుకోను.

నా ఆఖరి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, గాజుల దుకాణం పైన రెండో అంతస్తులో. అది డయాలసిస్ సెంటర్లు నడిపే ఒక సంస్థ. కొత్తపేటలో ఒక సెంటరు, ఎల్‌బీ నగర్‌లో ఒకటి, ఇంకా దూరాన రెండు. అన్నిటికీ ఫోన్లు మా దగ్గరికే వచ్చేవి. నలుగురు ఆపరేటర్లు, ఇంకో మూల చిన్న గదిలో నేనూ నా పెట్టే. పేషెంట్లను ఇంటి నుంచి తీసుకొచ్చి దిగబెట్టడానికి వ్యాన్లు ఉండేవి. ఏ వ్యాను ఎటు పోవాలో మా ఆపరేటర్లే డ్రైవర్లకు చెప్పాలి.

కిడ్నీలు పోయిన మనిషికి వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడం తప్పదు. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పాదాలు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. పొద్దున ఏడు గంటల షిఫ్టుకు వ్యాను వెళ్లకపోతే ఆ ఇంట్లో వాళ్లు ఏం చేయాలో తెలియక గుమ్మంలో కూర్చుంటారు. మా పని అంత సూటిగా ఉండేది.

ఆపరేటర్లలో పెద్దావిడ గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన మనిషి. పొద్దుటి షిఫ్టు ఆమెది. పేషెంట్ల ఫోన్ నంబర్లు ఆమెకు కంఠతా వచ్చు, ఎవరి చివరి అంకెలు ఏమిటో అడిగితే కళ్లు మూసుకుని చెప్పేది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ని. పెట్టె ఏ కాస్త గరగరమన్నా నా గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది.

“అన్నయ్యగారూ, మీ పెట్టె ఇవాళ దగ్గుతోందండీ. కాస్త మిరియాల కషాయం పోయండి.”

“నీ కుర్చీలకు నువ్వు పో చెల్లె. దానికి దిష్టి పెట్టకు.”

ఇలా ఉండేది మా సంసారం. అప్పుడు కొత్త మేనేజరు వచ్చింది. ముప్పై దాటని పిల్ల, ఏదో బ్యాంకు కాల్ సెంటర్లో చేసి వచ్చింది. చేతిలో ఎప్పుడూ ల్యాప్‌టాప్ తెరిచే ఉండేది, మెట్లెక్కుతున్నా సరే. వచ్చిన రెండో వారమే నా గదిలోకి వచ్చి పెట్టె చుట్టూ తిరిగి చూసింది.

“అంకుల్, ఇది పాడైతే బ్యాకప్ ఏంటి?”

“నేనే.”

“మీకు జ్వరమొస్తే?”

“ఇప్పటిదాక రాలే మేడం.”

ఆమె నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. నిజానికి ఆ ప్రశ్న సరైనదే, అందుకే మండింది. ఆ పెట్టె తయారుచేసిన కంపెనీ దాన్ని ఆపేసి చాలా కాలమైంది. లోపల కరెంటు పంచే పలక, పవర్ కార్డు, రెండుసార్లు కాలితే రెండుసార్లూ అతుకులేశాను. మూడోది దొరుకుతుందేమోనని కోఠీ గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేనేజరు అడిగితే ఇంకో పదేళ్లు ఢోకా లేదన్నాను.

ఎందుకు దాచానో కూడా చెప్పేస్తాను. నాకు రిటైరయ్యే వయసు అప్పటికే దాటింది. ఆ పెట్టె సంగతి తెలిసిన వాడు ఇంకొకడు లేడు కాబట్టి ఏడాదికోసారి పొడిగిస్తున్నారు. పెట్టె పోతే నేనూ పోతాను. ఇంటికి పోయి ఏం చేయాలి? ఇంట్లో నాకు పనేమీ లేదు. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే ఇంట్లో నేనే ఒక పని. పది గంటల టీ, ఆ చెల్లెమ్మ వెక్కిరింపులు, కింద గాజుల దుకాణం బేరాలు, ఇవి లేని రోజును ఊహించుకుంటేనే భయమేసేది.

మేనేజరు క్లౌడ్ కావాలంది, నేను పెట్టె ఉండాలన్నాను. మా పెద్ద డాక్టరు గారు ఇద్దరి మాటా విని, ఒక మంగళవారం పొద్దుటి షిఫ్టు కాల్స్ క్లౌడ్ మీద నడిపి చూడమన్నారు. ఆ రోజు బాగా నడిస్తే క్లౌడ్, లేకపోతే పెట్టె.

సోమవారం మధ్యాహ్నం క్లౌడ్ కంపెనీ ఇంజినీరు వీడియో కాల్‌లో సెట్టింగులు చేస్తూ కూర్చున్నాడు. ఇటు నేనూ మేనేజరూ. చెల్లె షిఫ్టు అయిపోయి ఇంటికి వెళ్లిపోయింది, ఆమెను ఉండమనాలని మా ఇద్దరికీ తోచలేదు. మేనేజరు వేరే ఫోను వస్తే బయటికి వెళ్లింది. అప్పుడు ఇంజినీరు అడిగాడు.

“సార్, ఎత్తకముందే పది సెకన్లలోపు కట్ అయిపోయే కాల్స్ ఉంటాయి కదా. వాటిని ఆపరేటర్ల స్క్రీన్ మీద చూపించాలా, తీసేయాలా? మీరు ఎలా అంటే అలా.”

“తీసేయి. గవి లెక్కలకు రావు. ఒక్క రింగొచ్చి కట్టయిందంటే లైన్ల తేమ ఉన్నట్టు. అంతా కచ్రా.”

దీనికి కొంచెం వెనక కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు నేను టెలిఫోన్ తీగల మనిషిని. వానాకాలంలో గుంతల్లో నీళ్లు నిండితే కేబుల్ అతుకులు తడిసేవి. ఫోను ఒకసారి మోగి చచ్చిపోయేది. ఎత్తితే ఎవరూ ఉండరు. ఒక్క రింగు ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లి అతుకు విప్పి, ఎండబెట్టి, మళ్లీ కట్టి వచ్చేవాణ్ని. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో నేను ఆరబెట్టని అతుకు లేదు. అందుకని ఒక్క రింగు వెనకాల మనిషి ఉంటాడని నాకు ఎన్నడూ తట్టలేదు. అబ్బ, మీ అనుభవమే వేరు సార్ అన్నాడు ఇంజినీరు. నేను ఉబ్బిపోయి ఇంటికెళ్లాను.

మంగళవారం ఐదున్నరకే అందరం ఆఫీసులో ఉన్నాం. చెల్లె హెడ్‌సెట్టు పెట్టుకుని, కొత్త కోడలిలా ముడుచుకుని స్క్రీను ముందు కూర్చుంది. కాల్స్ వచ్చాయి. గొంతు స్పష్టంగా ఉంది, ఎక్కడా గరగర లేదు. మేనేజరు నావైపు చూసి గెలిచినట్టు నవ్వింది. నాకు కడుపు మండినా, గొంతు బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

ఆరున్నరకు చెల్లె కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. కింద వ్యాన్ల డ్రైవర్లు టీ తాగుతూ నిలబడే ఉన్నారు. ఏడింటికి లేచి నా గదికి వచ్చింది.

“అన్నయ్యగారూ, ఇవాళ ఒక్కళ్లూ మిస్డ్ కాల్ ఇవ్వలేదేంటండీ?”

“మిస్డ్ కాలేంది?”

“అదేంటండీ, మీకు తెలీదా? ఇంటి దగ్గర తయారయ్యాక ఒక్క రింగిచ్చి పెట్టేస్తారు. నేను ఫోను పక్కనున్న కాలర్ ఐడీ డబ్బాలో నంబరు చూసుకుని ఆ ఇంటికి వ్యాను పంపిస్తాను. ఎన్నేళ్లనుంచో ఇంతే కదా. ఫోన్లో బ్యాలెన్సు లేని రోజుల్లో నేనే అలవాటు చేశాను. ఇప్పుడు అందరికీ ప్యాకులున్నా మానలేదు. ఒక చేత్తో పేషెంటును పట్టుకుని, ఒక చేత్తో సంచీ పట్టుకుని మాట్లాడటం కుదరదంటారు.”

అది ఏ రిజిస్టరులోనూ లేదు, ఏ రిపోర్టులోనూ లేదు. గోడకవతల ఇన్నేళ్లు నడిచింది, నాకు తెలియదు. ఒక్క రింగు కాల్స్ నేను తీసేయించానని ఆ క్షణంలో ఆమెతో చెప్పాల్సింది. చెప్పలేదు. నంబర్లు నీకు యాదికున్నయి గద, నువ్వే ఫోన్ చెయ్యి చెల్లె, జల్ది చెయ్యి అన్నాను.

ఆమె చేసింది. కాగితం చూడకుండా, వరుసగా, ఒక్కో ఇంటికీ. డ్రైవర్లు ఉరికారు. ఎనిమిదిలోపు ఒక్కరు తప్ప అందరూ బెడ్ల మీద ఉన్నారు. ఆ ఒక్కరు బాలాపూర్ దగ్గరుండే పెద్దాయన. వెనకటికి వాచ్‌మన్‌గా చేసేవాడు. ఆయన్ను వెంటపెట్టుకుని వచ్చేది ఆయన భార్య, వాళ్లకు ఇంకెవరూ లేరు. ఆమె ఫోను స్విచ్చాఫ్ వస్తోంది. ఇంటికి వ్యాను పంపితే తాళం వేసి ఉంది. ఇద్దరూ సంచీ పట్టుకుని ఎప్పుడో పోయిన్రని పక్కింటివాళ్లు చెప్పారు.

శనివారం తర్వాత ఆయనకు డయాలసిస్ లేదు. పట్టుమని పదడుగులు నడవలేడు. ఎక్కడికి పోయారో తెలియదు. చెల్లె హెడ్‌సెట్టు తీసేసి రెండు చేతులతో తల పట్టుకుంది. మేనేజరు ముఖంలో నెత్తురు లేదు. నేను కిందికి దిగి వ్యాను ఎక్కాను.

“యాడికి పోదాం సార్?” అన్నాడు డ్రైవరు.

“ఎల్‌బీ నగర్ సెంటర్ కాన్నించి బాలాపూర్ దాక, రోడ్డెంట చూసుకుంట పోనీ.”

ఆ పొద్దున నేను చూసినన్ని ఆటోల్లోకి జన్మలో తొంగి చూడలేదు. ఒకాయన తిట్టాడు కూడా. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం నిలబడ్డ గుంపు దాటాక డ్రైవరే ముందు చూసి బ్రేకు వేశాడు. మెట్రో స్టేషను మెట్ల మీద, కింది నుంచి రెండో మెట్టున, పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఆమె స్కానింగు కవరుతో విసురుతోంది. బాలాపూర్ నుంచి షేర్ ఆటోలో చౌరస్తా దాకా వచ్చారట. అక్కడి నుంచి సెంటరు దగ్గరే కదా అని నడవబోతే ఆయన ఇక్కడ కూలబడ్డాడు.

నేను ఆయన చంకల కింద చేతులేసి లేపుతుంటే ఆమె సంచీ తీసుకుంటూ అంది.

“ఐదు మాట్ల కొట్టిన సారూ. బండి రాలే. ఆఖరుకు ఫోన్ల చార్జింగ్ గూడ అయిపాయె.”

“లైన్ ఖరాబైందమ్మా.”

“అయితే అయింది తియ్యి సారూ. గా బిడ్డ మంచిగున్నదా? నేను కొట్టినంక బండి రాకపోవుడు ఎన్నడు లేదు. ఆమెకే ఏమన్న అయిందేమో అనుకున్న. దారి పొడుగూత ప్రార్థన చేసుకుంట ఒచ్చిన.”

మొగుడు ఊపిరి అందక కొట్టుకుంటుంటే, ఈమె, తాను ముఖం కూడా చూడని ఆపరేటరు కోసం ప్రార్థన చేసింది. వ్యానులో వాళ్ల పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

పెద్దాయనకు వెంటనే సూది గుచ్చి మిషను ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే దవాఖానలో చేర్చాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు అంది. మధ్యాహ్నానికి ఆయన లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడని కబురొచ్చింది.

నాలుగింటికి పెద్ద డాక్టరు గారు మమ్మల్ని పిలిచారు. మేనేజరు, చెల్లె, నేను. మేనేజరు ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది.

“సార్, క్లౌడ్ కావాలని అన్నది నేను. ఇలాంటి పేషెంట్లతో అంత తొందరగా ట్రయల్ చేయకూడదు. తప్పు నాదే.”

ఆయన పెన్ను పక్కన పెట్టి నావైపు తిరిగారు.

“మీరు ముందునుంచీ చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు. ఆ క్లౌడ్ వద్దు. పెట్టే ఉండనీయండి. మీరు ఇంకో రెండేళ్లు ఉండాలి, ఇంటికి వెళ్తానంటే కుదరదు.”

నేను కోరుకున్నదంతా ఒక్క వాక్యంలో ఇచ్చేశారు. నేను చెల్లె వైపు చూశాను. ఆమె నావైపే చూస్తోంది. చాలా నెమ్మదిగా, ఎవరికీ కనబడకుండా, తల అడ్డంగా ఊపింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆమెకు తెలుసని. మధ్యాహ్నం ఇంజినీరుకు ఫోన్ చేసి కనుక్కుందట. మీ సారే తీసేయమన్నారని అతను చెప్పాడట. అయినా నోరు విప్పకుండా కూర్చుంది. నన్ను కూడా విప్పవద్దంటోంది.

పక్కనే ఆ మేనేజరు పిల్ల ల్యాప్‌టాప్ మూసేసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె ల్యాప్‌టాప్ మూసి ఉండగా చూడటం నాకదే మొదటిసారి.

“సార్, ఆమె తప్పేం లేదు,” అన్నాను. “క్లౌడ్ తప్పు గూడ లేదు. ఒక్క రింగు కాల్స్ చూపియ్యాల్నా అని ఇంజినీరు నన్నడిగిండు. కచ్రా, తీసెయ్యమని చెప్పింది నేనే. ఈ మేడం అప్పుడు గదిల గూడ లేదు.”

మొదలుపెట్టాక ఆగడం చేతకాలేదు నాకు.

“ఇంకోటి గూడ సార్. ఆ పెట్టె ఇంకో వానాకాలం చూడది. పవర్ కార్డుకు రెండు మాట్లు అతుకులేసిన. కొత్తది దొరకదు. అది ఆగిపోతే ఇయ్యాల ఒక్క షిఫ్టుకు అయిందే రోజంతా అయితది.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“పెట్టె పోతే నేను పోతా గద సార్.”

ఆయన తిట్టలేదు, నవ్వనూ లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముగ్గురూ కూర్చుని క్లౌడ్‌లో ఏమేం ఉండాలో రాసుకు రండి, ఈసారి ఆవిడ చెప్పింది మీరిద్దరూ రాయండి అని చెల్లెను చూపించారు. మూడు నెలల్లో మార్చాలన్నారు, అంతవరకూ నన్ను ఉండమన్నారు. రెండేళ్ల సంగతి మళ్లీ ఎత్తలేదు.

మెట్ల మీద చెల్లె నన్ను నిలబెట్టి కడిగేసింది.

“రెండేళ్లు చేతిలో పెడుతుంటే వద్దనే మనిషిని మిమ్మల్నే చూశానండీ. ఆ పెద్దాయన బాగానే ఉన్నాడు కదా. ఎవరికి నష్టమని నోరు తెరిచారు?”

“ఆ అమ్మ ఏమన్నదో చెప్పనా? బండి రాకపోతే నీకే ఏమన్న అయిందేమోనని దారంత ప్రార్థన చేసిందంట.”

చెల్లె కొంగు కళ్లకు అద్దుకుని, గాజుల దుకాణం వాళ్లు చూస్తున్నారని ముఖం అటు తిప్పుకుంది. నాకూ కళ్లు నిండాయి, దాచుకోలేదు.

తర్వాత రెండు వారాలు మేనేజరూ చెల్లే ఒకే స్క్రీను ముందు కూర్చున్నారు. చెల్లె చెప్తుంది, ఆ పిల్ల టైపు చేస్తుంది. మిస్డ్ కాల్స్ అన్నీ స్క్రీనుకు కుడివైపున వేరే జాబితాగా, పేషెంటు పేరు, ఇల్లు, వ్యాను నంబరుతో సహా కనిపించేలా చేయించారు. ఇంజినీరు ఆ జాబితాకు ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు పెట్టబోయాడు. చెల్లె ఒప్పుకోలేదు. మనోళ్లు అని పెట్టించింది. అంకుల్, ఇది నా బ్యాంకులో ఎవరికీ రాని ఐడియా అని మేనేజరు నాతో అంది. ఆ పిల్ల నవ్వితే ముఖం ఎంత బాగుంటుందో అప్పుడు చూశాను.

పెట్టెను కొన్నాళ్లు తోడుగా ఆన్‌లోనే ఉంచాం. తొలి వానలకే పవర్ కార్డు కాలిపోయింది. బయట ఒక్క ఫోనూ ఆగలేదు. కాలిన వాసన నాకొక్కడికే తెలిసింది. ప్లగ్గు తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. చెల్లె నా ముందు టీ పెట్టింది.

క్లౌడా, పెట్టెనా అని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. రెండూ పాడవుతాయి, రెండూ పనిచేస్తాయి. ఏది కొన్నా ముందు ఫోనెత్తే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎత్తని ఫోన్ల గురించి కూడా ఆమెనే అడగండి. నాకు ఇది ఉద్యోగం అయిపోయే నెలల్లో తెలిసింది, మీరు మొదటి నెలలోనే తెలుసుకోండి.

నా ఆఖరి రోజు శాలువా కప్పారు, ఫోటోలు దిగారు, మైసూర్‌పాక్ పంచారు. పెద్ద డాక్టరు గారు రెండు మంచి మాటలు చెప్పారు, అందులో పెట్టె ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడ్డారు. భోజనాలయ్యాక నా గదిలో సామాను సర్దుకుంటానంటే చెల్లె వెనక నుంచి పిలిచింది.

“వ్యాన్ దిగబెడుతుందండీ. తయారయ్యాక మిస్డ్ కాల్ ఇవ్వండి.”

వెక్కిరింపే అనుకున్నాను. గదిలో పెట్టె లేదు, గోడకు నాలుగు మేకులూ, అది ఉన్నంత మేర తెల్లటి సున్నమూ మిగిలాయి. స్క్రూడ్రైవరు, పాత టార్చిలైటు, టీ కప్పు సంచీలో వేసుకున్నాను. ఇంకేమీ లేదు నాది. ఫోను తీసి, ఎన్నో ఏళ్లు నేను కాపలా కాసిన ఆ నంబరుకు మొదటిసారి చేశాను. ఒక్క రింగు వినగానే పెట్టేశాను.

బయటికి వచ్చేసరికి చెల్లె స్క్రీను నావైపు తిప్పింది. మనోళ్లు అని ఉన్న జాబితాలో పొద్దున్నుంచి వచ్చినవన్నీ ఉన్నాయి. బాలాపూర్ అమ్మది అన్నిటికన్నా మొదటిది, ఆరు గంటలకు ముందే. అట్టడుగున నా పేరు, కొత్తపేటలో మా ఇంటి వివరం, వ్యాను నంబరు. అవన్నీ ఆమె ఎప్పుడో ఎక్కించి పెట్టుకుంది. చివరి గడిలో కాల్ ఎంతసేపో రాసి ఉంది, మూడు సెకన్లు. కింద నుంచి డ్రైవరు హారన్ కొట్టాడు.